ఉమ్మడి గోడ

ఆ రోజు పొద్దున కూడా వీధి తలుపు మొరాయించింది.

కోడలు భుజాన సంచీ వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గడియ తీసి లాగింది. రాలేదు. రెండు చేతులతో పట్టి లాగినా రాలేదు. తలుపు పై అంచు ద్వారబంధాన్ని కరుచుకుని ఉంది. కింద మాత్రం పిల్లికూన దూరేంత సందు.

"మామయ్యా! మళ్లీ మొండికేసింది" అని లోపలికి కేక పెట్టింది.

"వస్తున్నానమ్మా. దాంతో కుస్తీ పట్టకు, వయసులో నీకంటే పెద్దది" అంటూ తాపీమేస్త్రి చిత్రిక పట్టుకుని వచ్చాడు. కింది మూల మీద మడమతో ఒక్కటిచ్చేసరికి తలుపు కీచుమంటూ తెరుచుకుంది. వెంటనే స్టూలెక్కి పై అంచును గీకడం మొదలుపెట్టాడు. పల్చటి చెక్క పొట్టు చుట్టలు చుట్టుకుంటూ గుమ్మంలో రాలింది.

"వాన లేదు, చెమ్మ లేదు. మొన్ననే కదా చిత్రిక పట్టారు. ఇంత ఎండల్లో కర్ర ఉబ్బడమేమిటి మామయ్యా?"

"పాత కర్రమ్మా. ముసలాళ్లకీ పాత కర్రలకీ కాలంతో పనిలేదు. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు బిగుసుకుంటాం."

కోడలు నవ్వేసింది. ఆ నవ్వు తలుచుకుని తర్వాత చాలా రోజులు తనని తనే తిట్టుకుంది. జీవితమంతా ఇళ్లు కట్టిన మనిషి తలుపు మీద హాస్యమాడుతున్నాడంటే కాస్త ఆగి ఆలోచించాల్సింది. కానీ ఇంట్లోవాళ్ల మాటల్ని ఎవరు తూకం వేసి చూస్తారు?

ఆ కాలనీలో ఇళ్లన్నీ వరసలుగా ఉంటాయి. రెండేసి ఇళ్లకి మధ్య ఒకటే గోడ. ఎప్పుడో ఫ్యాక్టరీ వాళ్లు పనివాళ్ల కోసం కట్టించారు. ఫ్యాక్టరీ మూతపడింది. పనివాళ్లు ముసలివాళ్లయ్యారు. పిల్లల్లేక బడి, కొనేవాళ్లు లేక కొట్లు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. కొన్ని ఇళ్లకి తాళాలు తుప్పు పట్టాయి. మరోపక్క అదే ఊళ్లో కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ఇల్లు దొరక్క మెట్ల కిందా, దుకాణాల వెనకా తలదాచుకుంటున్నారు. ఈ రెంటికీ ఏదో ఒక దారి చూడమని కాలనీని బాగుచేసే ఆఫీసొకటి పెట్టారు. జనం దాన్ని రిపేరాఫీసు అంటారు. కోడలు అక్కడే గుమాస్తా.

రిపేరాఫీసు పద్ధతి తేలికైనదే. గట్టిగా ఉన్న వరసల్ని బాగుచేసి, అందులో ఖాళీ ఇళ్లని ఇల్లు లేనివాళ్లకి ఇస్తారు. గట్టిగా లేని వరసల్ని పడగొట్టి కొత్తవి కడతారు. అవి పూర్తయ్యేదాకా ఆ ఇళ్లవాళ్లంతా ఊరవతల ఎత్తు మేడల్లో ఉండాలి. కాలనీ ముసలాళ్లకి యముడి పేరు చెప్పినా అంత భయం లేదు, ఆ మేడల పేరు చెబితే మాత్రం నోరు ఎండిపోతుంది.

ఏ వరసకి ఏ రోజు తనిఖీకి వస్తారో ముందుగా చెప్పకూడదని ఆఫీసులో గట్టి కట్టుబాటు. అయినా కొన్నాళ్ల కిందట కోడలు చెప్పింది. ఎవరో ఆశపెట్టి కాదు, ఏదో కుట్ర పన్నీ కాదు. భోజనం చేస్తూ చేస్తూ, "గురువారం మన వరసకొస్తున్నారు మామయ్యా, ఇల్లు కాస్త సర్దుకుందాం" అంది, చుట్టాలొస్తున్నారని చెప్పినట్టు. మర్నాటినుంచే మేస్త్రి తాపీ తీశాడు. ఇంటింటికీ వెళ్లి, బీటలు పూడ్చి, సిమెంటు పూసి, పైన రంగేసి వచ్చాడు. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. "చూడ్డానికి బాగుంటుందిలే" అన్నాడు. గురువారం వచ్చినవాళ్లు గోడల్ని తట్టి చూసి, వరస గట్టిగానే ఉందని రాసుకుని పోయారు. ఆ రోజు ముసలమ్మలు మేస్త్రి చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నారు. మేస్త్రి గారు బాగుందంటే బాగున్నట్టే అన్నది అప్పటికే ఆ వరసలో శాసనం.

"అన్నట్టు మామయ్యా, ఖాళీగా ఉన్న పక్కిల్లు ఇచ్చేశారు" అంది కోడలు గుమ్మం దాటుతూ. "ఆదివారం చేరతారట. రొట్టెల బట్టీలో పనిచేసే అబ్బాయి, భార్య, చంకలో పసిపిల్ల. ఇన్నాళ్లూ ఆ బట్టీ వెనక సామాన్ల గదిలో ఉన్నారు పాపం. వాళ్ల కాగితం నేనే ముందుకి కదిపాను."

చిత్రిక చప్పుడు ఆగిపోయింది.

"ఆ ఇల్లెందుకమ్మా? చెమ్మ ఎక్కువ. పసిపిల్లకి పడదు" అన్నాడు మేస్త్రి. ఆ గొంతులో హాస్యం లేదు.

"మీరే కదా గోడలన్నీ పూశారు, ఇంకా చెమ్మేమిటి?"

లోపల్నించి అత్తయ్య మాట వినిపించింది. "రానివ్వండి. ఈ వరసలో ఏడ్చేవాళ్లంతా ముసలాళ్లే అయిపోయారు. ఒక్క పసిపిల్ల ఏడుపు వినబడితే వీధికి కాస్త కళ వస్తుంది."

అత్తయ్యకి చూపు పోయి చాలాకాలమైంది. వెలుగుందో చీకటుందో తెలుస్తుంది, అంతే. అయినా ఆ ఇంట్లో ఆవిడకి చేతికర్ర అక్కర్లేదు, మనిషి సాయం అక్కర్లేదు. కుడిచేతి వేళ్లు గోడకానించి వంటింట్లోకి, పెరట్లోకి, పక్క మీదికి తనంతట తనే తిరుగుతుంది. టీ ఒలక్కుండా పోస్తుంది. మనవరాలు ఏ మూల దాక్కున్నా జుట్టు పట్టుకుని లాక్కొస్తుంది. ఆ మనవరాలిని ఇంట్లో అందరూ పిడుగు అంటారు, పేరుకి తగ్గట్టే ఉంటుంది.

ఆ క్షణాన అత్తయ్య నడింట్లో గోడ వెంట వస్తూ బీరువా దగ్గర ఆగింది. గోడలోంచి సన్నగా 'టక్' మని వినిపించింది. ఎవరో వేలు విరిచినట్టుంది ఆ చప్పుడు.

"ఎలకలు" అన్నాడు మేస్త్రి, ఎవరూ అడక్కుండానే.

అత్తయ్య గోడ మీంచి చెయ్యి తీయలేదు.

మర్నాడు పొద్దున పిడుగు నడింట్లో బంతి వెంట పరిగెత్తుతూ కెవ్వుమంది. అరికాల్లోంచి నెత్తురు. కోడలు ఒళ్లో కూర్చోబెట్టుకుని చూస్తే సన్నటి గాజు పెంకు. పీకి, కడిగి, గుడ్డ కట్టింది. కట్టాక ఆలోచనలో పడింది.

ఆ ఇంట్లో గాజు వస్తువన్నదే లేదు. అత్తయ్య చెయ్యి తగిలి పగులుతాయని ఎప్పుడో అన్నీ స్టీలువే కొన్నారు. కిటికీల అద్దాలు చూసింది, ఒక్కదానికీ గీత పడలేదు.

"ఇదెక్కడినుంచి వచ్చింది మామయ్యా?"

మేస్త్రి అప్పటికే చీపురు పట్టుకుని బీరువా కింద ఊడుస్తున్నాడు. ఆ మనిషి చేతిలో చీపురు కోడలు ఎన్నడూ చూడలేదు.

"వీధిలోంచి ఎవరి చెప్పుకో అంటుకుని వచ్చుంటుంది" అన్నాడు తలెత్తకుండా.

మధ్యాహ్నం ఆఫీసులో, తనిఖీలు చేసే ఇంజనీరు ఒంటరిగా టీ తాగుతుండగా కోడలు వెళ్లి పక్కన కూర్చుంది. అటూ ఇటూ తిప్పి అసలు మాటకొచ్చింది.

"పాత ఇళ్లలో గోడకి గాజుముక్క అంటిస్తారా అండీ? ఎందుకో ఎక్కడో విన్నాను."

"పాతకాలం మేస్త్రీలు చేసేవాళ్లు" అన్నాడు ఇంజనీరు. "బీటకి అడ్డంగా పల్చటి గాజు బద్ద పెట్టి, రెండు చివరలా సిమెంటుతో అతికిస్తారు. గాజు సాగదు కదా. అది పగిలిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట. పగలకపోతే పాత బీటే, భయం లేదు."

"పగిలితే?"

"పగిలితే ఆ ఇంట్లో పడుకోకూడదు." ఆయన కప్పు కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. "ఎవరింట్లోనమ్మా?"

"ఎవరో చెప్పగా విన్నానండీ" అంది కోడలు. అంటూనే లేచి వచ్చేసింది.

సాయంత్రం భర్త బస్సు డిపోలో పెట్టి వచ్చేసరికి అత్తయ్య పిడుగుని తీసుకుని చివరింటి టీచరమ్మ దగ్గరికి వెళ్లింది. మేస్త్రి పెరట్లో ఇసుక జల్లిస్తున్నాడు.

"ఏమండీ, ఆ బీరువా ఇటు లాగాలి. ఏమీ అడక్కండి, ఒక చెయ్యి వెయ్యండి."

ఇద్దరూ కలిసి లాగారు. బీరువా వెనక పూత లేదు. చాటుగా ఉన్న ఆ కాస్త చోటు మాత్రం మేస్త్రి పూయకుండా వదిలేశాడు. నేల దగ్గర్నుంచి పైదాకా బీట. వేలు దూరేంత బీట. దానికి అడ్డంగా గాజు బద్ద, మధ్యలో విరిగి, రెండు ముక్కలూ ఒకదానికొకటి ఎడంగా నిలబడి ఉన్నాయి. దాని పైనా కిందా పాత బద్దల మొండి అంచులు సిమెంటు ముద్దల్లో ఇంకా మెరుస్తున్నాయి.

"ఇదేమిటి?" అన్నాడు కొడుకు.

"మీ నాన్ననడగండి."

మేస్త్రి పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతుల నిండా ఇసుక. కోప్పడతాడనుకున్నారు. కోప్పడలేదు. వచ్చి విరిగిన గాజుని వేలితో తాకి చూశాడు.

"మొదట్లో ఒక్కో బద్ద చాలాకాలం నిలిచేది" అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు నిలవట్లేదు."

"కింద ఏమైంది నాన్నా?"

"పాత మురుగు గొట్టం కూలింది. మట్టి కొట్టుకుపోతోంది. ఈ గోడ పునాది కింద ఖాళీ."

కోడలికి కాళ్ల కింద నేల ఒక్కసారిగా పల్చబడినట్టనిపించింది.

"తెలిసే పూశారా మామయ్యా? వరసంతా తెలిసే మసిపూసి మారేడుకాయ చేశారా? నేను నోరుజారి చెప్పిన తారీకు పట్టుకుని?"

"తెలిసే చేశాను." మేస్త్రి నేల మీద కూలబడ్డాడు. "నేను కాపలా కాస్తున్నానమ్మా. రోజూ చూస్తూనే ఉన్నాను. మీ ప్రాణం మీదికి తెస్తానా? ఇంక ఆగదనిపించిన రోజు నేనే చెబుదామనుకున్నాను."

"ఆ రోజు గోడ మీకు కబురు పెట్టి వస్తుందా?"

"మీ అత్తయ్యని ఎక్కడికి తీసుకెళ్లమంటావు?" ఆయన గొంతు పెరిగింది. "బయట ఆవిడ గుడ్డిది. ఈ ఇంట్లో కాదు. ఆ మేడల్లో పడేస్తే మంచినీళ్లకి నన్ను పిలవాలి, మంచం దిగాలంటే నన్ను పిలవాలి. అడిగి బతకడమంటే ఆవిడకి చావే. నేను కళ్లారా చూసి తట్టుకోలేను."

"అత్తయ్య కోసం సరే. పక్కింట్లోకి పసిపిల్లతో వస్తున్నారే, వాళ్లెవరి కోసం?"

జవాబు లేనివాడు ఏం చేస్తాడు, ఎదుటివాళ్ల గాయం వెతుకుతాడు. మేస్త్రీ వెతికాడు.

"అయితే వెళ్లి చెప్పెయ్. తారీకు ముందుగా చెప్పింది నువ్వేనని కూడా చెప్పు. ఆ తర్వాత ఏ ఆఫీసుకెళ్తావో చూద్దాం."

"నాన్నా!" అన్నాడు కొడుకు. మేస్త్రి తల దించుకున్నాడు. అన్న మాట ఆయనకే చేదుగా తగిలినట్టుంది. కానీ అన్న మాట అన్నట్టే ఉంది.

కొడుకు భార్య వైపు తిరిగాడు. "ఒక్క ఆదివారం దాకా ఆగు. నాన్న ఏదో ఒకటి చెప్పి వాళ్లని రాకుండా చూస్తాడు. ఈలోపు అమ్మకి మెల్లగా నచ్చజెబుదాం. కడుపు చించుకుంటే కాళ్ల మీదే కదా పడుతుంది."

కోడలు ఆగింది. ఉద్యోగం మీది భయమో, ఇంటి పరువో, మామయ్య మీది జాలో, ఏదైతేనేం ఆగింది. ఆ సాయంత్రం ఆమె చేసిన పని ఒక్కటే. పిడుగు మంచాన్ని ఆ గోడ దగ్గర్నుంచి లాగి వీధి గదిలో వేసింది. వేసి, దుప్పటి సర్దుతూ, అవతలి పసిపిల్ల మంచం ఎక్కడ వేస్తారో అనుకుంది. అనుకుని, ఆ ఆలోచనని మధ్యలోనే తుంచేసింది.

ఆదివారం పొద్దున్నే తోపుడుబండి మీద సామాన్లు వచ్చాయి. ఒక మంచం, ఒక పొయ్యి, గిన్నెల మూట, పిల్లకి కటకటాల మంచం. రొట్టెల అబ్బాయి కనుబొమ్మల్లో ఇంకా పిండి ఉంది. రాత్రంతా పనిచేసి నేరుగా వచ్చేశాడు. నిద్ర లేకపోయినా మొహం వెలిగిపోతోంది.

మేస్త్రి ఎదురెళ్లాడు. "ఈ ఇల్లు చెమ్మ బాబూ. పిల్లకి దగ్గు పట్టుకుంటుంది."

"బట్టీ వెనక పొగలో పుట్టింది బాబాయ్. దీనికి చెమ్మంటే చల్లటి షర్బతే."

"ఎలకలు కూడా జాస్తి."

"పిండి బస్తాల మధ్య కాపురం చేశాం. ఎలకలు మాకు చుట్టాలే" అని ఆ అబ్బాయి పకపకా నవ్వాడు. భార్య ఖాళీ గదిలో గోడని చేత్తో నిమిరి, "ఎంత నున్నగా పూశారో! మీరేనట కదండీ పూసింది. పిల్ల మంచం ఈ గోడకే వేస్తాం. పక్కన మీరున్నారంటే మాకు ధైర్యం" అంది.

మేస్త్రి వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాడు. గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు చూడలేకపోయాడు. కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఆగిపోయాడు.

నడింట్లో అత్తయ్య పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. పిడుగు గింజలు ఏరి నోట్లో వేసుకుంటోంది.

అవతల సుత్తి దెబ్బ పడింది. గోడకి ఏదో మేకు కొడుతున్నాడు ఆ అబ్బాయి. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ. పైకప్పు నుంచి సన్నటి పొడి బఠాణీల గిన్నెలోకి రాలింది. మూడో దెబ్బకి గోడలోంచి 'టక్' మంది.

అత్తయ్య ఒక కాయ చీల్చి గింజలు గిన్నెలో రాల్చింది. "ఎన్నో గాజుముక్కండీ అది?" అని అడిగింది.

మేస్త్రి మొహం సున్నం కొట్టినట్టయింది. "నీకు... నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? పొద్దున్నే గోడ మీద చెయ్యేస్తే చల్లగా, పచ్చిగా తగులుతుంది. నిన్న లేని గరుకు ఇవాళ ఉంటుంది. బీరువా అంచు గోడకి నిన్న ఆనుకుని ఉంటే, ఇవాళ మధ్యలో నా వేలు దూరుతుంది, గాజు అంచు తగులుతుంది. కళ్లు పోతే వేళ్లు కూడా పోతాయనుకున్నారా?"

"తెలిసీ ఇన్నాళ్లూ నోరు మెదపలేదా అమ్మా?" అన్నాడు కొడుకు.

"ఎలా మెదపనురా? ఈ వరసలో మీ నాన్న మాటంటే రాతిమీద గీత. ఆ పేరు పోతే ఈ మనిషి మంచం పడతాడని భయపడ్డాను. నా కోసమని ఆయన, ఆయన కోసమని నేను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇద్దరం బతికేశాం." ఆవిడ బఠాణీల గిన్నె పక్కకి జరిపింది. "మొన్న మీ ముగ్గురూ వాదులాడుకున్నారని కూడా కనిపెట్టాను. నేను తిరిగొచ్చేసరికి పిడుగు మంచం ఆ చోట లేదు. అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఏం మనుషులమండీ మనం? మన పిల్లని ఆ గోడ దగ్గర్నుంచి తీసేసి, ఊళ్లోవాళ్ల పిల్లని దానికి ఆనించి పడుకోబెడుతున్నాం."

కోడలికి దుఃఖం ఆగలేదు. ఆ మంచం లాగింది తన చేతులే.

అవతల మళ్లీ సుత్తి పడింది. ఈసారి మేస్త్రి పరిగెత్తాడు.

"ఆపు! సుత్తి కింద పెట్టు బాబూ, పిల్లని బయటికి తీసుకుపో. ముందు పిల్లని!"

"చప్పుడెక్కువైందా బాబాయ్? ఒక్క మేకే..."

మేస్త్రి వినిపించుకోలేదు. వాళ్ల సామాన్లలోంచి ఇనప గునపం అందుకుని, తను పూసిన పూత సందులోకి దూర్చి పెకలించాడు. నున్నటి పూత పెచ్చులు పెచ్చులుగా ఊడి పిల్ల మంచంలో పడింది. దాని వెనక బీట. ఆ బీటలోంచి అవతలి నడింటి వెలుతురు గీతలా కనిపించింది.

"ఇది నేనే కప్పెట్టాను" అన్నాడు మేస్త్రి. "తెలిసే కప్పెట్టాను."

ఆ అబ్బాయి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. భార్య పిల్లని గుండెకి హత్తుకుని వీధిలోకి నడిచింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి.

ఇంట్లో కోడలు ఫోను తీసింది. కొడుకు ఆమె చెయ్యి పట్టుకుని, మళ్లీ వదిలేశాడు.

"సార్, ఆ గాజుముక్క మా ఇంట్లోదేనండీ" అంది. "వెంటనే రండి. ఇంకో మాట కూడా చెప్పాలి. తనిఖీ తారీకు ఇంట్లో ముందుగా చెప్పింది నేనే."

ఇంజనీరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గోడ చూశాడు, నేల చూశాడు, పక్కిళ్లలో మరి రెండు చోట్ల మేస్త్రి పూత గీకించి చూశాడు. బయటికొచ్చి, "వరసంతా ఖాళీ చెయ్యాలి. ఇవాళే. సామాన్ల కోసం ఎవరూ లోపలికెళ్లకండి, మావాళ్లు తెస్తారు" అన్నాడు. వీధికి అడ్డంగా తాడు కట్టారు. మేడల దగ్గరికి తీసుకెళ్లడానికి వీధి చివర బస్సు ఆగింది.

కోడలి వైపు తిరిగి, "రేపు ఆఫీసుకి రండి, మాట్లాడాలి" అన్నాడు. ఆమె తలూపింది. రొట్టెల అబ్బాయి బండి మీద సామాన్లు మళ్లీ కడుతూ ఆమెని అడిగాడు, "జాబితాలో మా పేరు మళ్లీ అడుగుకి పోతుందా అక్కా?" అని. పోదు అనబోయింది. ఆ మాట ఇచ్చే కుర్చీలో రేపు తను ఉంటుందో లేదో. "పోకుండా రేపు మొదట ఆ మాటే అడుగుతాను" అంది.

ఒక్కొక్క ఇంట్లోంచీ ముసలివాళ్లు బయటికొస్తున్నారు. ఒకరి చేతిలో మందుల డబ్బా, ఒకరి చేతిలో తాళాల గుత్తి. ఇళ్లు వదిలేసి తాళాలు పట్టుకొచ్చారు పాపం. మేస్త్రిని దాటి వెళ్తున్నారంతే. టీచరమ్మ మాత్రం ఆయన ముందు ఆగింది.

"బీట చూసినప్పుడల్లా భయపడేదాన్ని మేస్త్రీ" అంది. "నువ్వు పూసి, బాగుంది పడుకో టీచరమ్మా అన్నావు. నువ్వన్నావని నిద్రపోయాను."

ఆవిడ వెళ్లిపోయాక మేస్త్రి అరుగు మీద కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొడుకు వచ్చి తండ్రి వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. కోడలు కూడా వచ్చింది. ఆమెకి ఇంకా కోపం పోలేదు. అయినా వచ్చి పక్కన కూర్చుంది.

"నిన్ను ఆ మాట అన్నానమ్మా. నా నోరు పడిపోను."

"పడిపోవద్దు మామయ్యా. ఏ ఇంట్లో ఎక్కడెక్కడ పూశారో వాళ్లకి దగ్గరుండి చూపించాలి. మీకు తప్ప ఎవరికీ తెలీదు."

"చూపిస్తాను. ఒక్కటీ వదలకుండా చూపిస్తాను."

అంతలో పిడుగు "నానమ్మా!" అని అరిచింది.

అత్తయ్య గుమ్మం దాటి వీధి మధ్యలోకి వచ్చేసింది. కుడిచెయ్యి గాలిలో చాచి ఉంది. వేళ్లు గోడ కోసం వెతుకుతున్నాయి. అక్కడ గోడ లేదు. ఇంట్లో రాణిలా తిరిగిన మనిషి, ఒక అడుగు ముందుకేసి, మళ్లీ వెనక్కి తీసి, నిలబడిపోయింది. ఇన్నాళ్లూ మేస్త్రి భయపడింది ఈ క్షణానికే. ఆయన పరిగెత్తుకెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"పద, నేను నడిపిస్తాను. ఏం భయం లేదు, దారి అంతా బాగానే..."

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాగుందని చెప్పకండి" అంది. "ఆ మాట ఇంక నేను నమ్మను. ముందు ఏముందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నడవడం నేను నడుస్తాను."

మేస్త్రి భుజాన కండువా లేదు, మోచేత్తోనే కళ్లు తుడుచుకుని దారి వైపు చూశాడు.

"ముందు రాయి లేచి ఉంది. ఎడం వైపు గుంట. మురుగు నీళ్లున్నాయి."

ఆవిడ రాయిని కాలితో తడిమి, పక్కనుంచి అడుగేసింది.

"ఇంకా?"

"ఇంకా... తాడు కట్టారు. నడుము ఎత్తులో ఉంది. వంగి దాటాలి. దాని అవతల..." ఆయన ఆగాడు.

"చెప్పండి."

"జనం ఉన్నారు. మన వరసవాళ్లంతా. నన్నే చూస్తున్నారు. ఎవరి మొహమూ మంచిగా లేదు."

"సరే" అంది అత్తయ్య. తాడు అందుకుని, వంగి, అవతలికి దాటి, ఆయన కూడా దాటేదాకా దాన్ని పైకెత్తి పట్టుకుంది.